పద్నాలుగేళ్ళ వీధికుక్క

ప్రతి మంగళవారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నేను జనం చెప్పే అబద్ధాలను గుండ్రటి దస్తూరీతో రాసిపెడుతుంటాను. జీతం లేదు. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో కుక్కల ఆశ్రమం నడిపే హెడ్మాస్టరమ్మ, "నీ రాత బావుంటుందటగా, రా" అని పిలిస్తే వెళ్ళాను. ఆవిడ బడి నుంచి రిటైరై తొమ్మిదేళ్ళయింది కానీ, బడి ఆవిడలోంచి ఇంకా రిటైరు కాలేదు. ఆవిడ గొంతు వింటే డెబ్బై కుక్కలూ సర్దుకుని కూర్చుంటాయి. నేనూ సర్దుకుని కూర్చుంటాను.

కుక్కని తెచ్చి వదిలేవాళ్ళు వచ్చి నా బల్ల ముందు కూర్చుంటారు. వయసు, రంగు, రోగాలు, అలవాట్లు అన్నీ అడిగి రాశాక, ఫారం అడుగున ఒక గడి ఉంటుంది: "వదిలివేయుటకు కారణం". అక్కడికి రాగానే అందరూ చూపు పక్కకి తిప్పేస్తారు. బిడ్డకి తుమ్ములండీ. ఇల్లు మారుతున్నామండీ. డ్యూటీ వేళలు మారాయండీ. ఒకాయన మాత్రం కొత్త సోఫా తెల్లదని చెప్పాడు. ఆ నెలకి నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే. విచిత్రం ఏమిటంటే ఈ తుమ్ములూ సోఫాలూ కుక్కకి పదేళ్ళు దాటాకే వస్తాయి. రెండేళ్ళ కుక్క వల్ల ఎవరికీ తుమ్ము రాగా నేను చూడలేదు.

అన్నిటికన్నా సులువైన అబద్ధం ఇంకొకటుంది: "వీధిలో దొరికిందండీ." ఆ ఒక్క ముక్క అంటే చాలు, సగం గళ్ళు ఖాళీగా వదిలేయొచ్చు. వయసు తెలీదు, రోగం తెలీదు, కారణం అక్కర్లేదు. పైగా, దారిన పోయే మూగజీవిని ఆదుకున్న పుణ్యం ఒకటి. మొదట్లో నేను హెడ్మాస్టరమ్మతో పోట్లాడేదాన్ని.

"మెడ చుట్టూ పట్టీ ఒరుసుకున్న ఆనవాలు అంత స్పష్టంగా కనపడుతుంటే వీధికుక్క అని ఎలా రాస్తామండీ?"

"రాయి. నిజం చెప్తేనే తీసుకుంటామంటే తెల్లారేసరికి మన గేటుకి కట్టేసి పోతారు. అబద్ధం వాళ్ళది, కుక్క మనది."

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"నాలుగో గదిలో ఒక ముసలిది వచ్చిందమ్మా. గురువారం ఎవరో కారులో తెచ్చి, వీధిలో దొరికిందని దింపిపోయారు. ఐదు రోజులైంది, ముద్ద ముట్టలేదు. నీళ్ళు తాగుతుంది. గిన్నె పెడితే ముందుకొచ్చి కూర్చుంటుంది. కూర్చుని మన మొహం వంక చూస్తుంది. అంతే. కోడిమాంసం పెట్టాం, గుడ్డు పెట్టాం, చేత్తో నోటికి అందించాం. తల పక్కకి తిప్పుకుంటుంది. సెలైను మీద నెట్టుకొస్తున్నాం. ఇవాళ డాక్టరమ్మ నిర్ణయం చెప్తానంది."

ఆశ్రమంలో నిర్ణయం అంటే ఆఖరి ఇంజెక్షను. ఆ మాట అక్కడ ఎవరూ బయటికి అనరు.

నాలుగో గది ఒకప్పుడు ఐసు దిమ్మలు పేర్చిన గది. గచ్చు ఇప్పటికీ చల్లగానే ఉంటుంది. గోనెపట్టా మీద, అన్నం గిన్నె ముందు, వెనక కాళ్ళు వణుకుతున్నా నిటారుగా కూర్చుని ఉంది ఒక గోధుమరంగు కుక్క. ఎడమ చెవి మడత. మూతి మొత్తం తెల్లబడిపోయింది. మెడ చుట్టూ ఏళ్ళ తరబడి పట్టీ ఒరుసుకుని బొచ్చు ఊడిన గీత. నన్ను చూసి తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది. మళ్ళీ గిన్నె వంక చూసి, మళ్ళీ నా మొహం వంక చూసింది.

వాడు మా మేనేజరు.

ఇక్కడ మా మామయ్యగారి గురించి చెప్పాలి. ఆయన ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా చేసి, ఏడుగురు మేనేజర్ల కింద నలిగి రిటైరయ్యారు. రిటైరైన వారానికే ఒక కుక్కపిల్లని తెచ్చుకుని దానికి మేనేజరు అని పేరు పెట్టారు. "ఇన్నాళ్ళూ మేనేజరు కూర్చోమంటే కూర్చున్నాను, నిలబడమంటే నిలబడ్డాను. ఇక నేను చెప్తాను, మేనేజరు వింటాడు" అనేవారు. ఆయన ఆఫీసులో "మంజూరు" అనే మాట పడకుండా ఏ కాగితమూ బల్ల దాటేది కాదట. అందుకని కుక్కకీ అదే నేర్పారు. గిన్నె పెట్టాక ఆయన "మంజూరు" అనాలి. అప్పటిదాకా మేనేజరు ముద్ద ముట్టడు. పక్కింటివాళ్ళు బిస్కెట్టు వేసినా దాని ముందు కూర్చుని మా వంక చూసేవాడు. నీళ్ళకి మాత్రం మినహాయింపు. "కుండ దగ్గరికి ఏ ఆఫీసులోనైనా అనుమతి అక్కర్లేదు" అనేవారు మామయ్యగారు.

ఆయన పోయి మూడేళ్ళయింది. మేనేజరు మా మరిది ఇంట్లో ఉండిపోయాడు. వాళ్ళకి పెరడు ఉంది. మాది మూడో అంతస్తులో అద్దె వాటా, ఓనరు కుక్కల్ని ఒప్పుకోడు. మంజూరు చెప్పే ఉద్యోగం కూడా మరిదికే వచ్చింది. మొన్న ఆదివారం మా తోడికోడలు ఫోను చేసి, మేనేజరుని మరిది స్నేహితుడి తోటకి పంపించామనీ, అక్కడ హాయిగా ఉంటుందనీ చెప్పింది. పెద్దవాడయ్యాడు, గాలీ వెలుతురూ ఉన్నచోట ఉంటాడులే అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా.

గోనెపట్టా మీద కూర్చుని, గిన్నె కొంచెం ముందుకి జరిపి, వాడి కళ్ళలోకి చూస్తూ, "మంజూరు" అన్నాను.

మడత చెవి కదిలింది. తల వంచాడు. ముందు నాలుకతో తడిమాడు, తర్వాత తిన్నాడు. ఆబగా కాదు. వాడికి ఆబ లేదు, ఓపికా లేదు. ఒక్కొక్క మెతుకూ లెక్కపెట్టుకుంటున్నట్టు తిన్నాడు. మధ్యలో ఆగి నా మొహం చూశాడు, తప్పేమైనా చేస్తున్నానా అన్నట్టు.

వెనక హెడ్మాస్టరమ్మ గోడకి ఆనుకుంది. "ఒక్క మాటా?" అంది. "ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఐదు రోజులు మాడ్చామా దీన్ని?"

"మనం మాడ్చలేదండి. వాడు మా మరిది కుక్క." మాట దిద్దుకున్నాను. "మా కుక్క."

ఫారం తెప్పించి చూశాను. గురువారం దింపిపోయాడు. నేను వచ్చేది మంగళవారమని మరిదికి తెలుసు. వారంలో మిగిలిన ఆరు రోజుల్లోంచి ఒకటి ఎంచుకున్నాడు. పేరు దగ్గర అర్థంకాని సంతకం. జాతి: వీధికుక్క. వయసు: తెలియదు. అలవాట్లు: ఒక అడ్డగీత.

డాక్టరమ్మ పరీక్షించి గది బయటికొచ్చి చెప్పింది. ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి. "తిన్నాడు కాబట్టి ఇవాళ్టికి నిర్ణయం లేదు. కానీ మూత్రపిండాలు అయిపోయాయండి. తుంటి ఎముకలూ అంతే. మందులూ, రోజూ సెలైనూ పెట్టుకుంటే కొన్ని వారాలు నొప్పి తెలీకుండా ఉంటాడు. ఖర్చవుతుంది. కాదని అబద్ధం చెప్పను."

"ఆ తర్వాత?"

దానికి హెడ్మాస్టరమ్మ జవాబిచ్చింది. "ఇక్కడి రూలు నీకు తెలుసుగా. వీధికుక్కకి ఆఖరి కాగితం మీద నేను సంతకం పెడతాను. ఇంటికుక్కకైతే ఇంటివాళ్ళే వచ్చి పెట్టాలి. తల మీద చెయ్యి వేసి, అయ్యేదాకా ఉండాలి. వాడు కాగితం మీద వీధికుక్క. ఎవరూ రానక్కర్లేదు."

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. పద్నాలుగేళ్ళు మా ఇంటి గుమ్మంలో పడుకున్నవాడు, మామయ్యగారు మంచంలో ఉన్న నాలుగు నెలలూ ఆ మంచం కోడు వదలనివాడు, వీధికుక్కగా పోతాడా? ఏరు దాటాక తెప్ప తగలేశారని విన్నాను. ఆ తెప్ప ఎవరిదో మాకు తెలీదని కాగితం రాయించడం మాత్రం ఇదే వినడం.

ఆ గురువారం ఫారమూ, కొత్త ఫారం ఒకటీ సంచీలో పెట్టుకుని తిన్నగా మరిది ఇంటికి వెళ్ళాను.

తోడికోడలు తలుపు తీసింది. "రా అక్కా! ఏంటి, ఫోనైనా చెయ్యకుండా!"

"ఇటు పని ఉండి వచ్చాలే."

మరిది ఇంట్లోనే ఉన్నాడు, ల్యాప్‌టాప్ ముందు. పెరట్లో మేనేజరు పడుకునే చోట పూలకుండీలు వరసగా పెట్టి ఉన్నాయి. వాడి ఇనప గిన్నె తోమి బోర్లించి ఉంది. నేను కుర్చీ లాక్కుని నింపాదిగా కూర్చున్నాను. కోపం వచ్చినప్పుడు నింపాదిగా కూర్చోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

"మేనేజరు ఎలా ఉన్నాడే? కొత్తచోట బెంగపెట్టుకోలేదు కదా?"

"అబ్బే! తోటంతా దాందే అక్కా. పొద్దున్నుంచీ ఒకటే పరుగులట."

గుమ్మం దాటడానికి మూడుసార్లు ఆలోచించే కుక్క పరుగులు పెడుతోందంటే, ఆ తోట నీళ్ళేవో నాకూ ఒక బిందె తెప్పించుకోవాలి. నా మోకాళ్ళూ అంతంతమాత్రమే.

"తింటున్నాడా?"

"శుభ్రంగా. నిన్ననే ఫోటో కూడా పంపారు."

"ఏదీ, చూపించు."

"అదీ... పొరపాటున డిలీట్ అయిపోయిందక్కా."

"పోనీలే. మరి అక్కడ మంజూరు ఎవరు చెప్తున్నారు?"

ల్యాప్‌టాప్ మీద టకటక ఆగిపోయింది. మరిది తలెత్తకుండా, "చెప్పాంలే వదినా వాళ్ళకి" అన్నాడు.

"ఏమని?"

"అదే... తినేముందు ఆ మాట అనాలని."

సంచీలోంచి గురువారం నాటి ఫారం తీసి అతని ముందు పెట్టాను. "మరి ఇక్కడ అడ్డగీతే ఉందేం చిన్నబ్బాయ్?"

తేలు కుట్టిన దొంగ అంటారు కదా, ఆ మొహం ఎలా ఉంటుందో ఆ రోజు దగ్గర్నుంచి చూశాను. మాట్లాడింది తోడికోడలే. మాట్లాడటం కాదు, భగ్గుమంది.

"అయితే ఏం చెయ్యమంటావక్కా? నెలకి ఎంతవుతుందో నీకు తెలుసా? మొన్న ఒక్క రక్తపరీక్షకే మా నెల సరుకులంత అయింది. పైగా ఇల్లంతా తడే. రోజుకి నాలుగుసార్లు కడిగాను, వాడి కాళ్ళూ నేలా రెండూ. ఈయన ముక్కు మూసుకుని ఆఫీసు గదిలోకి పోతాడు. నువ్వు వారానికోసారి వెళ్ళి కాగితాలు రాసొస్తావు. కడిగింది నేను!"

"నాతో ఒక్క మాట..."

"చెప్తే? తీసుకెళ్ళేదానివా?"

"మా ఓనరు ఒప్పుకోడని నీకు తెలుసుగా."

"అడిగావా?"

నేను అడగలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. కానీ నేను వచ్చింది దాని గురించి కాదని నాకు నేనే సర్దిచెప్పుకుని మరిది వైపు తిరిగాను.

"అది పోవడం నేను చూడలేను వదినా," అన్నాడతను. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "నాన్న పోయినప్పుడు చూసిందే చాలు. నా మనసు తట్టుకోలేదు."

"నీ మనసు మెత్తనిదని వాడి కడుపు మాడ్చావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "డబ్బు లేదని చెప్పి ఉంటే నిన్నెవరూ ఉరి తీసేవాళ్ళు కాదు. హెడ్మాస్టరమ్మ అలాంటి కుక్కల్ని వందల్ని తీసుకుంది. ఆ మూడక్షరాల మాట చెప్తే అది మీ కుక్కే అని తెలిసిపోతుందని మింగేశావు. వాడు ఐదు రోజులు అన్నం ముందు కూర్చుని, వచ్చిన ప్రతి మొహంలోనూ నీ మొహం వెతుక్కున్నాడు. నువ్వు చూడలేకపోయినదంతా వాడొక్కడూ చూశాడు."

నేను కొత్త ఫారమూ పెన్నూ ముందుకి జరిపాను. ఎప్పుడూ నేనే రాస్తాను. ఈసారి అతని చేతే రాయించాను. పేరు: మేనేజరు. వయసు: పద్నాలుగు. అలవాట్ల గడిలో, తినేముందు మంజూరు అనాలి అని రాశాడు. "వదిలివేయుటకు కారణం" దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. "ఖర్చు" అని రాశాడు. నేను కాగితం అందుకోబోతే, ఆగు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, పక్కనే "భయం" అని కూడా రాశాడు.

ఆ సాయంత్రం మా ఓనరు కింద స్కూటరు తుడుచుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఓనరుగారూ, మా కుక్క ఒకటుంది. ముసలిది. కొన్నాళ్ళు..."

"మొరుగుతుందా?"

"ఓపిక లేదండి."

"అయితే మీ ఆయన కన్నా నయమే. ఆయన గురక నా మంచం దాకా వినపడుతుంది. తెచ్చుకోండమ్మా."

మూడేళ్ళు మోసిన సాకు అలా నాలుగు ముక్కల్లో తేలిపోయింది. ఊళ్ళోవాళ్ళ అబద్ధాలన్నీ రాసుకున్నదాన్ని, నాది ఏ గడిలో రాయాలో తెలీక మెట్లెక్కాను.

మా ఆయన కడుపులో చల్ల కదలని మనిషి. తమ్ముడిని పల్లెత్తు మాట అనలేదు, నన్నూ అనొద్దన్నాడు. కానీ దుప్పట్లో మేనేజరుని మూడంతస్తులు తనే మోసుకొచ్చాడు. "నాన్న ఏడుగురు మేనేజర్లని మోశాడు, నా వంతుకి ఒకడే" అని ఆయాసపడుతూ నవ్వాడు. పంతొమ్మిది రోజులు మా హాల్లో ఉన్నాడు. సెలైను ఎక్కించడం నేర్చుకున్నాను. కడగడం కూడా నేర్చుకున్నాను. రోజుకి నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు. మందుల చీటీలు చూశాక మరిది మీద కోపం పావువంతు తగ్గింది. సగం ఖర్చు అతనే పంపాడు, అడక్కుండానే. చూడ్డానికి మాత్రం రాలేదు. మిగిలిన ముప్పావు కోపం అలాగే ఉంది.

పంతొమ్మిదో రోజు పొద్దున మేనేజరు తల ఎత్తలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇక నొప్పేనండి. రేపు పదకొండింటికి వస్తాను" అంది.

మరిదికి ఫోను చేశాను.

"నువ్వే పెట్టేయ్ వదినా సంతకం. నీకిస్తున్నాను అధికారం."

"ఫారం మీద నీ పేరుంది చిన్నబ్బాయ్. నీ చేత్తోనే రాశావు. ఇంటికుక్కకి ఇంటివాళ్ళు రావాలి. నువ్వు రాకపోతే డాక్టరమ్మ సూది తియ్యదు. వాడు నొప్పితోనే ఉంటాడు. నీ ఇష్టం."

డాక్టరమ్మ నిజంగా తియ్యకుండా ఉండేదా అని మా ఆయన తర్వాత అడిగాడు. నేను అడిగి తెలుసుకోలేదు. నిజం చెప్పకపోవడం మా ఇంట్లో ఈమధ్య అందరికీ అలవాటే.

పదకొండుకి పది నిమిషాలుందనగా ఇద్దరూ వచ్చారు. మరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తల ఎత్తలేని మేనేజరు అతని వాసన పట్టి తోక రెండుసార్లు నేలకేసి కొట్టాడు. కుక్కకి రోషం లేదు. ఆ లోటు నేను భర్తీ చేస్తున్నాను.

తోడికోడలు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గుడ్డ తడిపి తెచ్చి వాడి వెనక కాళ్ళు తుడిచింది. చెయ్యి అలవాటుగా కదిలింది. తుడుస్తూనే ముక్కు ఎగబీల్చింది. ఆవిడ మీద కోపం నాకు అక్కడే పోయింది.

ఉడికించిన కోడిముక్కలు మూడు గిన్నెలో వేసి మూతి దగ్గర పెట్టాను. పంతొమ్మిది రోజులు మంజూరు చెప్పింది నేను. అయినా వాడు నా వంక చూడలేదు. కళ్ళు మరిది మొహం మీద నిలిపి ఉంచాడు.

మరిది పక్కన కూలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. మేనేజరు ఎదురుచూశాడు. డాక్టరమ్మ వాచీ చూసుకోబోయి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"మంజూరు రా నాన్నా," అన్నాడు చివరికి, పూర్తిగా పగిలిన గొంతుతో.

మేనేజరు రెండు ముక్కలు తిన్నాడు. మూడోది వాసన చూసి వదిలేశాడు. మరిది సంతకం పెట్టి, తల మీద చెయ్యి వేసి, అయ్యేదాకా ఉన్నాడు. చూడలేనన్న మనిషి మొత్తం చూశాడు. ఏడ్చాడు, లేచాడు, మొహం కడుక్కున్నాడు, మంచినీళ్ళు తాగాడు. ఇంకేమీ కాలేదు అతనికి. నన్నడిగితే అదే అన్నిటికన్నా పెద్ద అన్యాయం. ఇంతేనా? ఈ పావుగంటని తప్పించుకోవడానికా ఆ ఐదు రోజులు?

పదిరోజుల తర్వాత మా పెద్దాడపడుచు ఫోను చేసి, చిన్నవాడింటి కుక్కని ఎంత ప్రేమగా సాగనంపారో, ప్రాణం ఎలా అతని చేతుల్లోనే పోయిందో నాకే కథగా చెప్పింది. చచ్చినవాడి కళ్ళు చారడేసి అన్నట్టు, మేనేజరు బతికుండగా లేని సద్గుణాలు కూడా అందులో ఉన్నాయి. నేను ఊఁ కొట్టాను. సాగనంపిన మాటలో అబద్ధం లేదు మరి, ఆ కథలో లేనిదల్లా గురువారమే.

ఆ నెలాఖరున మరిది ఫోను చేశాడు.

"వదినా, ఇల్లు బోసిగా ఉంది. మీ ఆశ్రమంలో పిల్లలేమైనా ఉన్నాయా? చిన్నది, కొంచెం తెల్లగా..."

"ఉన్నాయి. ఫారం పంపిస్తాను, నింపి పంపు."

పెంపకానికి తీసుకునేవాళ్ళ ఫారం అది. పేరు, చిరునామా, పెరడు ఉన్నదా లేదా, అంతవరకే ఉంటుంది. దాని అడుగున స్కేలు పెట్టి ఒక గడి గీశాను. నా గుండ్రటి దస్తూరీతో రాశాను: "పద్నాలుగేళ్ళ తర్వాత దీని తల మీద చెయ్యి వేసి ఉండేది ఎవరు? పేరు, సంతకం."

హెడ్మాస్టరమ్మకి చూపిస్తే అలవాటు కొద్దీ ఎర్రపెన్ను తీసింది. చదివింది. ఏమీ దిద్దకుండా, "అందరి ఫారాల్లోనూ పెట్టు" అంది.

మరిది ఫారం వెళ్ళి రెండు నెలలు దాటింది. ఇంకా తిరిగి రాలేదు. అతను అడిగినలాంటి తెల్ల కుక్కపిల్ల ఒకటి మూడో గదిలో బొద్దుగా పెరుగుతోంది. నేను గుర్తు చెయ్యను. ఆ గడి నిండి వచ్చిన రోజున నేనే మంజూరు చేస్తాను.